ఈ ఏడు ఆకాశాన్ని చదువుదామా?



ముందుగా నాకు జరిగిన ఒక నష్టం సంగతి చెబుతాను. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ఇబ్రహీంపట్నం ప్రాంతం మీదుగా సాగిపోయింది. ఇక్కడి జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి వేధశాల ఉంది. అందులో 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. ఆ రోజు దేశవిదేశాల శాస్త్రజ్ఞులు అక్కడ పరికరాలు అమర్చుకుని కాచుకున్నారు. మధ్యాహ్నం మూడు దాటాక పట్టపగలే చీకటి పడింది. నల్లని చంద్రబింబం చుట్టూ సూర్యుని కరోనా వెండి కిరీటంలా మెరిసింది. సుమారు రెండు నిముషాలు! అంతే.

అప్పుడు నేను అక్కడికి దగ్గరి పల్లెలోనే ఉన్నాను. మూడో తరగతి. మరి ఏం చూశానంటారా? ఏమీ చూడలేదు. మంచం కింద ఉన్నాను! మా నాయనమ్మ తలుపు గొళ్ళెం పెట్టి, కిటికీకి గొంగడి కట్టి, "బయటికి పోవద్దు బిడ్డా" అని కూర్చోబెట్టింది. వాకిట్లో కోళ్ళు గూటికి చేరుతున్న చప్పుడు విన్నాను. కాసేపటికి కోడి కూయడమూ విన్నాను. కోళ్ళు చూసినపాటి గ్రహణాన్ని కూడా నేను చూడలేదన్నమాట!

నాయనమ్మను తప్పు పట్టను. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్ళు పాడవుతాయన్న మాట నిజమే. కాని కళ్ళకు ప్రమాదం లేకుండా చూసే పద్ధతులున్నాయని చెప్పే పుస్తకం మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆ లోటు విలువ నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు.

అందుకే బడంగ్‌పేట్‌లో నా విద్యార్థులకు ఏటా జూన్‌లో ఒక పందెం పెడతాను. ఏడాదికి ఒకే విషయం, అయిదు పుస్తకాలు. నిరుడు నీరు. ఈ ఏడు ఆకాశం. షరతు ఒక్కటే: చదివిన ప్రతి పుస్తకానికీ ఒక పరిశీలన చేసి, ఒక పేజీ వ్రాయాలి. మీరూ చేరతారా?

జూన్, జులై: పిడుగు

వానాకాలంలో నక్షత్రాలు కనబడవు. అందుకని మబ్బులతోనే మొదలుపెడదాం. మహీధర నళినీమోహన్ గారి "పిడుగుదేవర కథ" చదవండి. ఆయన భౌతిక శాస్త్రజ్ఞులు. సైన్సును తాతయ్య కథ చెప్పినట్లు తేట తెలుగులో చెప్పారు.

పరిశీలన: ఇంట్లోనే ఉండి, మెరుపు కనబడగానే సెకన్లు లెక్కపెట్టండి. ఉరుము వినబడగానే ఆపి, వచ్చిన అంకెను మూడుతో భాగించండి. మెరుపు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ధ్వని ఒక కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది మరి.

అక్టోబర్, నవంబర్: నక్షత్రాలు

ఆకాశం తేటపడింది. ఇప్పుడు కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారి "విశ్వాంతరాళం". ఈయన భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేశారు. "చందమామ"ను తీర్చిదిద్దిన కుటుంబరావు గారి కుమారుడు.

పరిశీలన: నవంబర్ రాత్రి తూర్పున కృత్తికలను వెదకండి. మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ఎన్ని చుక్కలు లెక్కకు వచ్చాయో వ్రాసుకోండి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. అక్కడ ఎక్కువ కనబడితే, తేడాకు కారణం మన వీధి దీపాల వెలుగే!

డిసెంబర్, జనవరి: కాలం

నళినీమోహన్ గారిదే "కేలెండర్ కథ". సంక్రాంతి ఏటా జనవరి 14నో 15నో వస్తుంది. ఉగాది మాత్రం మార్చి, ఏప్రిల్‌ల మధ్య జరుగుతూ ఉంటుంది. ఎందుకు? పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే. సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికే అధికమాసం.

పరిశీలన: డాబా మీద ఒకే చోట నిలబడి, ప్రతి ఆదివారం సూర్యుడు ఏ ఇంటి వెనుక, ఏ చెట్టు వెనుక అస్తమిస్తున్నాడో గుర్తు పెట్టండి. డిసెంబర్ 22 దాటాక ఆ గుర్తు ఉత్తరానికి జరగడం మొదలవుతుంది. ఉత్తరాయణాన్ని పంచాంగంలో కాక మీ కళ్ళతోనే చూస్తారు.

ఫిబ్రవరి: గ్రహణం

ఇది నా నెల! పుస్తకం "గ్రహణాల కథ", అదీ నళినీమోహన్ గారిదే. చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడనీ, భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుందనీ ఆర్యభటుడు 499లోనే వ్రాశాడు. సూర్యుడు చంద్రుని కంటె సుమారు 400 రెట్లు పెద్ద. దూరమూ సుమారు 400 రెట్లే. అందువల్లనే రెండు బింబాలూ మనకు సమానంగా కనబడతాయి. మరి ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుని కక్ష్య అయిదు డిగ్రీలు వాలి ఉండటం వల్ల.

పరిశీలన: మధ్యాహ్నం వేపచెట్టు నీడలో నేలమీద పడే వెలుగు మచ్చలను చూడండి. ఆకుల సందులు గుండ్రంగా లేకపోయినా చాలా మచ్చలు గుండ్రంగానే ఉంటాయి. అవన్నీ సూర్యుని బింబాలే! గ్రహణం నాడు అవే నెలవంకలవుతాయి. సూర్యుణ్ణి చూడకుండానే గ్రహణం చూడవచ్చన్నమాట. ఆనాడు మా వాకిట్లోనూ వేపచెట్టు ఉంది.

మార్చి, ఏప్రిల్: రాకెట్టు

అబ్దుల్ కలామ్ గారి "ఒక విజేత ఆత్మకథ". తెలుగు చేసినవారు వాడ్రేవు చినవీరభద్రుడు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్.ఎల్.వి.-3 సముద్రంలో పడిపోయింది. 1980 జులై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. పరీక్షల ముందు చదవదగిన పుస్తకం!

పరిశీలన: సూర్యాస్తమయం తరువాత మినుకుమనకుండా సాఫీగా కదిలిపోయే చుక్క కనబడితే అది ఉపగ్రహం కావచ్చు. సమయమూ, దిక్కూ వ్రాసుకోండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ముందు మీ బడి బీరువా వెదకండి. లేకుంటే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో అడగండి. నలుగురు కలిసి ఒక ప్రతి కొనుక్కున్నా చాలు.

ఇక చివరి మాట. 2028 డిసెంబర్ 31న సంపూర్ణ చంద్రగ్రహణం రానున్నది. రాత్రి సుమారు పదింబావు వేళ చంద్రుడు రాగి రంగులో ఉంటాడు. చంద్రగ్రహణాన్ని మామూలు కళ్ళతో నిర్భయంగా చూడవచ్చు. 2034 మార్చి 20న సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశపు ఉత్తరపు కొసను, కాశ్మీరు వైపు తాకుతుంది. అప్పటికి మీరు సంపాదనపరులై ఉంటారు. టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళండి.

ఈలోగా మీ ఇంట్లో చిన్నవాళ్ళకూ, నాయనమ్మకూ కూడా ఈ పుస్తకాలు చదివి వినిపించండి. గ్రహణం నాడు ఎవరూ మంచం కింద ఉండకూడదు.