ఇల్లు – చప్పుడు
ఖాజాగూడలో అద్దె ఇల్లు వెదకువారు నీటి వసతి, గాలి, వెలుతురు విచారింతురు. చప్పుడు సంగతి అడుగరు. ఆదివారము నిశ్శబ్దముగానున్న ఇల్లు, పనిదినమున వాహనముల మోతతో నిండవచ్చును. కావున చెవి చాలదు, కొలత కావలెను.

శబ్దమును డెసిబెల్‌లలో కొలుతురు. 10 డెసిబెల్‌లు పెరిగినచో శబ్దతీవ్రత 10 రెట్లగును. మన దేశమున 2000 సంవత్సరపు నియమముల ప్రకారము నివాస ప్రాంతములకు పగటి సగటు 55, రాత్రి సగటు 45 డెసిబెల్‌లు మించరాదు. అనగా రాత్రి అనుమతించు తీవ్రత పగటిదానిలో పదవవంతు మాత్రమే!

ఫ్రాన్సులో 2020 జూన్ నుండి, విమానాశ్రయముల శబ్దమండలములలోని ఇండ్లను అమ్మువారును, అద్దెకిచ్చువారును ఆ సంగతిని ముందుగా తెలుపవలెను. రహదారుల ప్రక్కనున్న మన ఇండ్లకును ఇట్టి నియమము మేలు. పగటి సగటు, రాత్రి సగటు – ఈ రెండంకెలు ఒప్పందపత్రములో చేర్చిన చాలును. బయానా ఇచ్చి, నిద్ర చెడిన పిమ్మట తెలిసి ప్రయోజనమేమి?