పోపుల పెట్టెలో పూసలు

ఈ పత్రిక పుటలలో మీరు సాధారణంగా చదివేది పాడిపశువుల గురించి, బావి మోటార్ల గురించి, పంట రుణాల వాయిదాల గురించి. ఈసారి మాత్రం రాబడి కోసం గాక మనసుకు హాయి కోసం చేసే ఒక పనిని మీ ముందు ఉంచుతున్నాము. అది పూసలు గుచ్చి నగలు అల్లడం. అలాగని ఈ వ్యాసంలో అప్పు ప్రసక్తి రాకపోదు. వస్తుంది, అయితే అప్పు తీసుకున్న సందర్భంగా కాదు, బాగా ఆలోచించి వద్దనుకున్న సందర్భంగా వస్తుంది. బ్యాంకు పత్రికలో ఇటువంటి విషయమా అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. చివరివరకు చదివిన పిదప మీరే తీర్పు చెప్పండి.

మధ్యాహ్నపు రెండు గంటలు

తిరుపతి జిల్లాలో శ్రీకాళహస్తికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ఆ ఇల్లాలు నివసిస్తున్నారు. తన పేరు అచ్చు వేయవద్దని కోరినందున ఇక్కడ పేరు చెప్పడం లేదు. ఆమెకు రెండెకరాల వేరుశనగ చేను, రెండు గేదెలు, బడికి వెళ్ళే ఒక కుమార్తె, వయసు మళ్ళిన అత్తగారు ఉన్నారు. భర్త ఆటో నడుపుతారు. తెల్లవారుజామున పాలు పితికి కేంద్రానికి చేర్చడంతో ఆమె దినచర్య మొదలవుతుంది. వంట, చేను పని, పశువుల మేత ముగిసేసరికి పగలు రెండు గంటలవుతుంది. అప్పటి నుంచి నాలుగింటి దాకా ఉన్న సమయం మాత్రం ఆమె సొంతం.

ఆ వేళకు వసారాలో వెలుతురు బాగుంటుంది. స్టీలు పళ్ళెంలో తుండుగుడ్డ పరచి, దానిపై పూసలు పోస్తారు. గుడ్డ ఉన్నందువల్ల పూసలు దొర్లవు, సూదిమొనకు తేలికగా అందుతాయి. పూసలు దాచుకునేది పాత పోపుల పెట్టెలో. ఒకప్పుడు ఆవాలు, జీలకర్ర, మెంతులు ఉన్న గిన్నెలలో ఇప్పుడు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం పూసలు కొలువు తీరాయి. ఎంత కడిగినా ఇంగువ వాసన మాత్రం ఆ పెట్టెను విడిచిపోలేదని ఆమె నవ్వుతూ చెబుతారు. పూస జారి నేలపై పడితే దానికీ ఒక ఉపాయం ఉన్నది. టార్చిలైటును నేలకు ఆనించి వెలిగిస్తే ఎంత చిన్న పూసకైనా పొడవైన నీడ పడి జాడ తెలిసిపోతుంది.

మన నేలకు కొత్త కాదు

పూసలతో మన అనుబంధం ఎంత పాతదో మీకు తెలియనిది కాదు. పెళ్ళినాడు మంగళసూత్రంతో పాటు ధరించే నల్లపూసలు మన ఇళ్ళలో నేటికీ ఉన్నాయి. తట్టలో పూసలు, దువ్వెనలు, పిన్నులు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మే పూసలవారిని పెద్దలు ఎరుగుదురు. ఆ ఇల్లాలికి మొదటి పూసలు లభించింది కూడా అటువంటి ఒక తట్టలోనే.

ఆమె ఊరికి కొద్ది దూరంలో ఉన్న ఏర్పేడు మండలం పాపానాయుడుపేట గాజు పూసల తయారీకి పేరుపొందిన ఊరు. అక్కడి పద్ధతిని దేశవిదేశాల పరిశోధకులు శ్రద్ధగా నమోదు చేశారు. కరిగిన గాజును ఇనుప గొట్టం చివర శంకువు ఆకారంలో చేర్చి, కొలిమిలో ఉంచి, ఎదుటివైపు నుంచి సన్నని బోలు తీగగా లాగుతారు. చల్లారిన తీగను చిన్న ముక్కలుగా నరికి, బూడిదతో కలిపి తిరిగి వేడిచేస్తారు. బూడిద వల్ల బెజ్జం మూసుకుపోదు, వేడివల్ల పదునైన అంచులు గుండ్రబడతాయి. పుదుచ్చేరి సమీపాన ఉన్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలతో ప్రసిద్ధికెక్కిన ప్రాచీన రేవుపట్టణంలోనూ ఈ విధంగా లాగి చేసిన పూసలు లభించాయి. సముద్రాలు దాటి ఆగ్నేయాసియాకు చేరిన చిన్న గాజు పూసలు ఈ కోవకు చెందినవే.

గాజు ఒక్కటే కాదు. గుజరాత్‌లోని ఖంభాత్ ఎర్రరాతి పూసలకు, ఉత్తరప్రదేశ్‌లోని వారణాసి గాజు పూసలకు ప్రసిద్ధి. మన అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, లక్క రంగులు అద్ది బొమ్మలతో పాటు పూసలూ చేస్తారు. చేతిలో ఒక పూసను పట్టుకున్నప్పుడు దాని వెనుక ఒక కొలిమి, ఒక కార్మికుని ఊపిరి ఉన్నాయని గుర్తుంటే గుచ్చే చేతికి తొందర తగ్గుతుంది.

చేతికి తెలిసే లెక్క

ఈ పనిలో లెక్క ఉన్నది. చిన్న పూసలను అంగడిలో సంఖ్యలతో పిలుస్తారు. సంఖ్య పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 8వ నంబరు పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11వ నంబరు పూస సుమారు 2 మిల్లీమీటర్లు. 16 అంగుళాల దండకు 4 మిల్లీమీటర్ల పూసలైతే 100, 8 మిల్లీమీటర్ల పూసలైతే 50 సరిపోతాయి. ఈ లెక్క తెలిసినవారు దుకాణంలో అవసరానికి మించి కొనరు.

అల్లికలోనూ లెక్కే. ఒక గుండ్రని పూస చుట్టూ అదే పరిమాణం గల పూసలు సరిగ్గా ఆరు ఇముడుతాయి. ఐదు పెడితే సందు మిగులుతుంది, ఏడవది పట్టదు. పువ్వుల గొలుసు అల్లేటప్పుడు ఆ ఇల్లాలికి ఈ సంగతి తానుగా తెలిసింది. కుమార్తె రూపాయి బిళ్ళలతో పరీక్షించి చూసింది. అక్కడా ఆరే! ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళు ఇంట్లోని గుండ్రని వస్తువులన్నింటినీ నేలపై పేర్చి చూశారట. ఏ పుస్తకమూ తెరవకుండా నేర్చిన క్షేత్రగణితం అది.

రంగు పోయిన పూసలు

అంతా సాఫీగా సాగిందనుకోవద్దు. మొదటి ఏడాది ఒక దుకాణంలో చవకగా వస్తున్నాయని ఆమె కిలో ఎర్రపూసలు అరువుకు తెచ్చుకున్నారు. వాటితో అల్లిన దండను ఆడబిడ్డ పెళ్ళికి ధరించి వెళ్ళింది. ఎండకు చెమట పట్టి, పూసల ఎరుపు తెల్లని రవికె మీదికి దిగింది. ఆడబిడ్డ ఏమీ అనలేదు గాని ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు. మిగిలిన పూసలకు అరువు మాత్రం పాల డబ్బులలోనుంచి మూడు నెలలు తీర్చవలసి వచ్చింది.

అప్పటినుంచి ఆమె పాటించే నియమం మీరూ గుర్తుంచుకోదగినది. కొత్త రకం పూసలు మొదట పది గ్రాములే కొంటారు. కొన్నింటిని రాత్రంతా ఉప్పునీటిలో నానవేసి, మరికొన్నింటిని గోళ్ళరంగు తుడిచే ద్రావకంలో ముంచిన తెల్లగుడ్డతో రుద్దుతారు. రంగు గాజులోనే ఉంటే గుడ్డ తెల్లగానే ఉంటుంది. పైపూతగా వేసిన రంగైతే గుడ్డకు అంటుతుంది.

మరొక జాగ్రత్త. చూడ ముచ్చటగా ఉంటాయని గురివింద గింజలను బెజ్జం పొడిచి గుచ్చేవారున్నారు. ఆ గింజ లోపలి పప్పు తీవ్రమైన విషం. గింజ కొరికితే ప్రాణాపాయం. పిల్లలున్న ఇంట వాటిని నగలకు వాడకపోవడమే మేలు.

అత్తగారి నీలిపూసలు

మామగారు పోయిన నాడు అత్తగారి నల్లపూసలు తీసి గుడ్డలో మూట కట్టారు. ఆ తరువాత పన్నెండేళ్ళు ఆమె మెడలో ఏదీ లేదు. కోడలు పూసలు గుచ్చుతున్నప్పుడు పక్కన కూర్చుని, కలిసిపోయిన పూసలను వేరుచేయడం ఆమెకు అలవాటైంది. చూపు మందగించినా వేళ్ళకు ఏది 8వ నంబరో, ఏది 11వ నంబరో ఇట్టే తెలుస్తుంది.

ఒకనాడు ఆమె నీలిపూసలను మాత్రం ఏరి, చెంగు మీద వేరుగా పెట్టుకోవడం కోడలు గమనించింది.

"ఎందుకత్తా, ఇవి పక్కన పెట్టినావు?"

"ఏం లేదులేమ్మా. చల్లగా ఉండాయి, చూస్తా ఉండాను."

కోడలు మరేమీ అడగలేదు. ఆ నీలిపూసలనే, నడుమ నడుమ స్ఫటికం చేర్చి, ఒంటిపేట దండగా గుచ్చి మరునాడు ఆమె ఒడిలో పెట్టింది. వారం రోజులు ఆ దండ దిండు కింద ఉన్నది. తరువాత ఇంట్లో ఉన్నప్పుడు మెడలోకి వచ్చింది. కార్తీకమాసంలో శ్రీకాళహస్తి దర్శనానికి వెళ్ళేనాడు తీయకుండానే బయలుదేరారు. ఈ వయసులో పూసలేమిటని దారిలో ఎవరో అన్నారు. "నా కోడలు గుచ్చింది" అని మాత్రం బదులిచ్చి ఆమె ముందుకు నడిచారు.

రెండు వందల సెట్ల బేరం

ఆ దండ చూసినవారి నోటిమాటగా ఒక పట్టణ వ్యాపారి ఇంటికి వచ్చారు. మెడదండ, చెవికమ్మలు కలిపి ఒక సెట్టు. అటువంటివి 200 సెట్లు రెండు నెలలలో కావాలి. సెట్టుకు 150 రూపాయలు. సరుకు కొనుగోలుకు డబ్బు లేకపోతే బ్యాంకులు ఇస్తాయి గదా అని కూడా ఆయనే సలహా చెప్పారు.

అందులో అసత్యం లేదు. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన స్వయం సహాయక సంఘాల రుణ అనుసంధానం నేడు దేశమంతటా విస్తరించింది. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్ర యోజనలో శిశు తరగతి కింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా రుణం లభిస్తుంది. పైగా ఆమె డ్వాక్రా సంఘ సభ్యురాలు. గేదెల కోసం తీసుకున్న అప్పు ఒక్క వాయిదా తప్పకుండా తీర్చిన మనిషి. అడిగితే కాదనేవారు లేరు.

ఆ రాత్రి కుమార్తె లెక్కల పుస్తకం వెనుక పుటలో ఆమె ఇలా వేసుకున్నారు. ఒక సెట్టుకు పూసలు 60 రూపాయలు, దారం, కొక్కేలు 25 రూపాయలు, మొత్తం 85. మిగిలేది 65. పట్టే సమయం నాలుగు గంటలు. అంటే గంటకు 16 రూపాయల చిల్లర. పొలం కూలి కన్నా తక్కువ. 200 సెట్లకు పెట్టుబడి 17,000 రూపాయలు, సమయం 800 గంటలు. రెండు నెలలలో పూర్తి కావాలంటే రోజుకు 13 గంటలకు పైగా కూర్చోవాలి. పాలెవరు పితుకుతారు? చేనెవరు చూస్తారు? అత్తగారి పక్కన కూర్చుని నీలిపూసలు ఏరే మధ్యాహ్నం ఇక ఎక్కడిది?

గేదె కోసం చేసిన అప్పును గేదె పాలు తీర్చాయి. ఈ అప్పును తన కళ్ళు, వేళ్ళు మాత్రమే తీర్చాలి. అప్పుచేసి పప్పుకూడు తినడం తప్పని పెద్దలు అన్నారు. అప్పుచేసి ఉన్న ఆనందాన్ని అమ్ముకోవడం కూడా అటువంటిదే అని ఆమెకు తోచింది.

మరునాడు ఆమె వ్యాపారికి ఇచ్చిన సమాధానం ఇది: "అన్నా, 20 సెట్లు చేస్తాను. సెట్టుకు 250 ఇవ్వండి. సగం ముందు ఇవ్వాలి." బేరం 220 వద్ద కుదిరింది. మొత్తం 4,400 రూపాయలలో 2,200 ముందుగా అందాయి. సరుకుకు కావలసిన 1,700 అందులోనే సరిపోయింది. రోజుకు రెండు గంటల చొప్పున నలభై రోజులలో పని ముగిసింది. గడువులో మిగిలిన ఇరవై రోజులు ఆమెవే. ఖర్చులు పోగా మిగిలిన 2,700 రూపాయలలో కొంత సంఘంలో పొదుపు చేసి, కొంతతో కొత్త రంగులు కొన్నారు.

మీకు రెండు మాటలు

మీలో ఈ పని మొదలుపెట్టదలచినవారు కొద్దిపాటి పూసలతో, సన్నని సూదితో, తేనెమైనం పట్టించిన గట్టి దారంతో ఆరంభించండి. మైనం పట్టిస్తే దారం చిక్కుపడదు, పూస అంచుకు ఒరసుకుని త్వరగా తెగదు. మొదటి దండ వంకరగా వస్తుంది. దాన్ని విప్పకుండా దాచుకోండి. పదవ దండ పక్కన పెట్టి చూసుకునేందుకు పనికివస్తుంది.

వ్యాపారులైన మీకు మనవి. ఇంటిలో కూర్చుని అల్లేవారి వద్దకు వెళ్ళినప్పుడు సరుకు ధర మాత్రమే గాక సమయపు ధర కూడా అడగండి. ముందస్తు ఇవ్వండి. వారు మోయగలిగినంతే అప్పగించండి. గడువుకు నాణ్యమైన సరుకు చేతికందడం మీకూ లాభమే.

ఇక రుణం సంగతి. రోజుకు ఎన్ని గంటలు పనిచేయగలరో, గంటకు ఎంత మిగులుతుందో, సరుకు కొనేవారు ఎవరో తెలిసి, పనిని వృత్తిగా మలచుకోవాలని నిశ్చయించుకున్ననాడు తప్పక బ్యాంకు గడప తొక్కండి. మేము చేతనైన సాయం చేస్తాము. ఆ లెక్క కుదరనినాడు, మనసుకు నచ్చిన పనిని మనసుకే ఉంచుకోవడం లోటు కాదు.

మేము సెలవు తీసుకుంటున్నప్పుడు నాలుగు కావస్తున్నది. గేదెలు అరవడం మొదలుపెట్టాయి. ఆమె పోపుల పెట్టె మూత వేసి లేచారు. అత్తగారు మాత్రం తుండుగుడ్డ మడతలలో చిక్కిన ఒక పూసను వేలికొసతో వెతికి పట్టుకుని, కోడలు తిరిగి వచ్చేదాకా గుప్పిట్లో భద్రంగా ఉంచుకున్నారు.