సూది గుచ్చుకుంటే మొదటి రెండు గంటలు



మన హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాళ్లలో ఆసుపత్రుల్లో కుదురుకున్నవాళ్లం చాలామందిమే ఉన్నాం. జి.ఎన్.ఎం. చేసి స్టాఫ్ నర్సులైనవాళ్లం, ఇంటర్ వొకేషనల్‌లో ఎం.ఎల్.టి. చదివి ల్యాబుల్లో చేరినవాళ్లం, ఏఎన్ఎంలం, చదువు మధ్యలో ఆగిపోయి కాంట్రాక్టు కింద వార్డులు శుభ్రం చేస్తున్నవాళ్లం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మేమంతా అనుకున్నది ఒకటే విషయం. ఇంజక్షన్ ఎలా చేయాలో కాలేజీలో నెలల తరబడి నేర్పుతారు. ఆ సూది తిరిగి మన వేలికే దిగితే ఏం చేయాలన్నది ఒక్క పూటలో ముగించేస్తారు.

ఇదేమీ అరుదైన ప్రమాదం కాదు. ప్రపంచంలో ఉన్న 3.5 కోట్ల ఆరోగ్య సిబ్బందిలో ఏటా సుమారు 30 లక్షల మందికి, రోగి రక్తంలోని వైరస్ అంటుకునే అవకాశమున్న సూది పోట్లు తగులుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నివేదికలో అంచనా వేసింది. బయటికి చెప్పుకోని పోట్లు ఎన్నో ఉంటాయని ఈ పనిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

అసలు ఎప్పుడు గుచ్చుకుంటుంది? ఇంజక్షన్ చేసేటప్పుడు అని చాలామంది అనుకుంటారు. ఏడ్చే పిల్లవాడి చేయి కదిలినప్పుడు అలా జరిగే మాట నిజమే. కానీ చాలా పోట్లు పని అయిపోయాకే తగులుతాయి. వాడిన సూదికి మూత పెట్టబోతే గురి తప్పి ఎడమచేతి వేలికి దిగుతుంది. ట్రేలో దూది కింద కనపడకుండా పడున్న సూది, ట్రే సర్దేటప్పుడు గుచ్చుకుంటుంది. నిండిపోయిన డబ్బాలోకి ఇంకో సూదిని కుక్కబోతే లోపలున్నది పైకి పొడుస్తుంది. అందుకే వాడిన సూదికి మూత పెట్టవద్దంటారు. తప్పనిసరైతే మూతను ట్రేలో పడుకోబెట్టి, ఒంటి చేత్తో సూదిని అందులోకి దూర్చి పైకెత్తాలి. రెండో చేయి దగ్గరికి రాకూడదు. సూదిని హబ్ కట్టర్‌తో కత్తిరించి తెల్లటి గట్టి డబ్బాలో వేయాలి. డబ్బా ముప్పాతిక వంతు నిండగానే మూసెయ్యాలి.

ఇక జీవితంలో ఎన్నడూ సిరంజి పట్టుకోనివాళ్లకు గుచ్చుకునే సూదులున్నాయి. చెత్త సంచిని కాలికి ఆనించుకుని మోసే స్వీపరమ్మకు, మురికి దుప్పట్లు మూట కట్టే ఆయాకు, వాటిని ఉతికేవాళ్లకు. ఎవరో తొందరలో తప్పుడు సంచిలో పడేసిన సూది అది. ఏ రోగిదో, ఎప్పటిదో తెలియదు. ఆ సంచులు మోసేవాళ్లలో ఎక్కువమంది మన వాడల నుంచి వచ్చినవాళ్లేనని మీకు వేరే చెప్పాలా? రేపు మీరు సిస్టర్ అయినా, టెక్నీషియన్ అయినా, సూది పడేసే ప్రతిసారీ ఆ సంచి ఎత్తే చేయి గుర్తుకు రావాలని మా కోరిక.

భయం గురించి కూడా లెక్కగా మాట్లాడుకుందాం. ముఖ్యంగా మూడు వైరస్‌లు: హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. ఆ వైరస్ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే అంటుకునే అవకాశం టీకా లేనివాళ్లకు హెపటైటిస్-బి విషయంలో నూటికి 30 వరకూ ఉంటుంది. హెపటైటిస్-సికి నూటికి 2 లోపే. హెచ్.ఐ.వి.కి వెయ్యికి సుమారు 3. చూశారా, అందరూ హెచ్.ఐ.వి. పేరు చెబితే వణుకుతారు. అంతకన్నా ఎన్నో రెట్లు సులభంగా అంటుకునే హెపటైటిస్-బిని పచ్చకామెర్లే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. అది ముదిరితే లివర్ పాడవుతుంది, క్యాన్సర్ కూడా రావచ్చు. ఎండిన రక్తపు మరకలో ఆ వైరస్ 7 రోజులైనా బతికి ఉంటుంది. అదృష్టం ఏమిటంటే టీకా ఉన్నది దానికే. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను 1997లో మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. అంతకు ముందు విదేశీ టీకా ధర మామూలు ఉద్యోగికి అందేది కాదు.

గుచ్చుకుంది, ఇప్పుడేం చేయాలి? మనకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటుంది. ముల్లు గుచ్చుకుంటే నొక్కి రక్తం తీస్తాం, వేలు నోట్లో పెట్టుకుంటాం. ఇక్కడ ఆ రెండూ పనికిరావు. స్పిరిట్, బ్లీచింగ్ లాంటివి పోయకూడదు. కుళాయి తిప్పి, ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడగాలి, అంతే. కంట్లో రక్తం చిమ్మితే నీళ్లతో బాగా కడగాలి.

వెంటనే చేతిలో పని ఇంకొకరికి అప్పగించి ఇన్‌చార్జి సిస్టర్‌కో డ్యూటీ డాక్టర్‌కో చెప్పాలి. షిఫ్టు అయ్యాక చెబుదాం అనుకోవద్దు. హెచ్.ఐ.వి. రాకుండా ఆపే మందులు వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టాలి. 72 గంటలు దాటాక మొదలుపెట్టి లాభం లేదు. అవసరమని డాక్టర్ చెబితే 28 రోజులు ఒక్కరోజూ మానకుండా వేసుకోవాలి. ఆ రోగికి, మనకు రక్త పరీక్షలు చేస్తారు. మనకు తర్వాత 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు మళ్లీ చేస్తారు. అవి తేలేదాకా రక్తదానం చేయకూడదు, భార్యాభర్తలు కండోమ్ వాడాలి. హెపటైటిస్-బి టీకా వేయించుకోనివాళ్లకు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజక్షన్‌ను, వీలైతే 24 గంటల్లోపే, టీకాతోపాటు ఇస్తారు.

ఇంత మార్గం ఉండి కూడా ఎందుకు దాస్తారు? మాలో ఒకరు పనిచేసిన ఒక నర్సింగ్ హోమ్‌లో ప్రమాదాల రిజిస్టర్ ఉండేది. అందులో ఒక్క పేరూ ఉండేది కాదు. అక్కడ పనిచేసే అమ్మ వేలికి గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ చీపురు పట్టుకునేది. అడిగితే, "చెబితే రేపటి నుంచి రావద్దంటారమ్మా" అనేది. ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలకైతే "నీకు జాగ్రత్త లేదా" అనే మాట భయం, మార్కుల భయం, ఇంట్లో తెలిస్తే పెళ్లి సంబంధాలు చెడతాయనే భయం. మా దృష్టిలో సూది గుచ్చుకోవడం నేరం కాదు. డబ్బా నిండినా మార్చనివాళ్లు, ముగ్గురి పని ఒకరితో చేయించేవాళ్లు ముందు జవాబు చెప్పాలి. అమెరికాలో 2000లో ఒక చట్టం తెచ్చి, గుచ్చుకోకుండా రక్షణ ఉన్న సూదులను వాడే బాధ్యత ఆసుపత్రుల మీద పెట్టారు. సిబ్బందిని తిట్టి ఊరుకోలేదు.

మన దగ్గరా నిబంధనలు లేకపోలేదు. 2016 బయో మెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఆ వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు ఆసుపత్రే వేయించాలి, శిక్షణ ఇవ్వాలి, ప్రమాదాలు రికార్డు చేయాలి. కాంట్రాక్టు వాళ్లకు వర్తించదని ఎవరైనా అంటే నమ్మకండి. 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. సిబ్బందికి రక్షణ సామగ్రి, గుచ్చుకున్నాక ఇచ్చే మందులు సమకూర్చాలని అదీ చెబుతోంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేసి అడగండి, లేదా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లండి.

ఈ ఏడాది నర్సింగ్, ఎం.ఎల్.టి. సీట్లు వచ్చినవాళ్లకు ఇంకో మాట. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు: మొదటిది వేయించుకున్న నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. చిన్నప్పటి టీకా కార్డు ఇంట్లో ఉందేమో పండక్కి వెళ్లినప్పుడు వెతకండి. లేకపోతే వార్డు పోస్టింగులు మొదలయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే మొదటి డోసు వేయించుకోండి. మూడోది అయిన ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించి, 10 యూనిట్లు లేదా అంతకన్నా ఎక్కువ వచ్చిందో లేదో చూసుకుని, ఆ కాగితాన్ని సర్టిఫికెట్లతో పాటు దాచుకోండి.