గోడల చెమ్మ: మూలమెచ్చట, మందేమి?

పంచాయతీ సభ్యులు గ్రామమున తిరుగునప్పుడు ఈ దృశ్యమును తరచుగా చూచుచునే యుందురు. ఇల్లు పాతది కాదు. రంగు నిరుడే వేయబడినది. అయినను నేల నుండి రెండు మూడడుగుల ఎత్తు వరకు రంగు పొక్కి, పెళ్ళలుగా రాలి, గోడపై తెల్లని ఉప్పు తేలియుండును. వ్రేలితో తాకిన గోడ పిండివలె రాలును. ద్వారబంధము అడుగున చెదలు. గోడ ప్రక్కన పెట్టిన బియ్యపు బస్తాకు ముక్కవాసన. ఇంటివారి నడిగిన, "ఏం చేస్తామండీ, ఈ ఇంటికి చెమ్మ పట్టింది" అందురు.

చెమ్మ ఇంటికి పట్టిన గ్రహము కాదు. చెమ్మ యనగా నీరు. నీటికి ఒక పుట్టుక, ఒక దారి ఉండును. ఆ దారిని కనుగొని మూసినచో చెమ్మ తగ్గును. దారి తెలిసికొనక గోడపై పూతమీద పూత పూయించుట డబ్బును నీళ్ళపాలు చేయుటయే. పెక్కు గ్రామములలో ఆ దారి ఇంటిలో గాక వీధిలో మొదలగుచున్నది. కావుననే ఈ విషయమును గృహస్థులకంటె ముందుగా పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.

బేస్‌మెంటు ఎందులకు?

శీతల దేశములలో బేస్‌మెంటు అనగా ఇంటి క్రింద నేలలో త్రవ్వి కట్టిన గది. మన మేస్త్రీలు మాత్రము పునాదిపై నేలమట్టము నుండి ఇంటి గచ్చు వరకు లేపిన కట్టును బేస్‌మెంటు అందురు. రెండింటికిని పేరొక్కటియే గాని పని వేరు. మన బేస్‌మెంటు మనుష్యులను, ధాన్యమును నేలలోని నీటికి ఎత్తుగా ఉంచుటకు ఏర్పడినది. పూర్వము మట్టిగోడల ఇండ్లకు సైతము అడుగుభాగమును రాతితో కట్టి, దానిపై గోడ లేపుటలోని మర్మ మిదియే.

ఇపుడు జరుగుచున్న దేమి? ఇల్లు ఉన్నచోటనే యున్నది. వీధి ఎత్తు పెరుగుచున్నది. మట్టిబాటపై కంకర, కంకరపై సిమెంటు, అది పగిలిన దానిపై మరల సిమెంటు. ఇట్లు రెండు మూడు మార్లు రోడ్డు వేయునప్పటికి ఒకటిన్నర అడుగుల బేస్‌మెంటు జానెడైపోవును. కొన్ని ఇండ్లలో గడప దాటి లోనికి దిగవలసి వచ్చుచున్నది. అనగా మన ఇల్లే, మనము కోరకుండగనే, నేలలో దిగిన గదిగా మారుచున్నది. దానికి చెమ్మ పట్టుటలో వింత లేదు.

నీరు వచ్చు మూడు దారులు

మొదటిది క్రింది నుండి పైకి. దీపపు వత్తి ప్రమిదలోని నూనెను పైకి పీల్చునట్లే ఇటుక, మట్టి, సున్నము తమలోని సన్నని రంధ్రముల ద్వారా పునాది వద్ద నున్న నీటిని పైకి పీల్చుకొనును. ఈ చెమ్మ సాధారణముగా మీటరు ఎత్తు వరకు, గోడ పొడవునను ఒకే వరుసలో కనబడును. నీటితోబాటు నేలలోని లవణములును ఎక్కును. నీరు ఆవిరియై పోగా లవణము గోడపై నిలిచి పూతను పొక్కించును. గోడకు చౌడు పట్టినదని జనులు చెప్పునది దీనినే.

రెండవది వెలుపలి నుండి లోనికి. చూరు పొట్టిదైనచో వాననీరు గోడ మొదటనే పడి, చింది, గోడను తడుపును. పిట్టగోడ పగుళ్ళు, కప్పునీటి గొట్టము విరుగుట, గోడకు ఆనించి పోసిన మట్టి లేక పెంట, గోడ మొదట నిలిచిన మురుగు కూడ ఈ కోవలోనివే.

మూడవది ఇంటిలోనే పుట్టునది. స్నానాల గది గచ్చులోని పగుళ్ళు, గోడలో దాచిన గొట్టము కారుట, పొంగిపొరలు సంపు, గాలి ఆడని వంటగది ఈ జాతికి చెందినవి. తొలకరిలో తేమగాలి వీచునప్పుడు నున్నని బండల గచ్చు చెమర్చుట కూడ ఇట్టిదే. ఆ నీరు నేలలోనిది కాదు, గాలిలోనిది.

ఏ దారియో తెలిసికొనుట ఎట్లు?

దీనికి ఖరీదైన యంత్రములు అక్కరలేదు. చెమ్మ ఎప్పుడు హెచ్చునో, ఎప్పుడు తగ్గునో ముందుగా గమనింపవలెను. వాన కురిసిన కొన్ని గంటలలో కనబడి, ఎండకు ఆరిపోయిన, అది వెలుపలి నీరు. కాలువల క్రింది డెల్టా గ్రామములలో వేసవియందు కాలువలు కట్టివేసినప్పుడు చెమ్మ తగ్గి, నీరు వదలినపిమ్మట తిరిగి హెచ్చిన, అది నేలలోని నీటిమట్టమునకు సంబంధించినది. ఏ ఋతువులోనైనను ఒకే తీరున నున్నచో గొట్టమునో, సంపునో, స్నానాల గదినో అనుమానింపవలెను.

గచ్చు చెమ్మకు మరియొక పరీక్ష కలదు. రెండడుగుల చదరపు పాలిథీను కాగితమును గచ్చుపై పరచి, నాలుగంచులను జిగురు పట్టీతో గాలి చొరకుండ అంటించి, ఒక దినము ఉంచవలెను. కాగితము అడుగున నీటిబొట్లు చేరిన నీరు నేలనుండి వచ్చుచున్నది. పైభాగమున చేరిన అది గాలిలోని తేమ. మొదటిదానికి నేల బాగుచేయవలెను. రెండవదానికి కిటికీ తెరచిన చాలవచ్చును.

సంపు కారుచున్నదను అనుమానమున్నచో రాత్రి నింపి, మట్టము వద్ద గీత గీసి, ఎవ్వరును వాడకుండ ఉదయము చూడవలెను. గీత క్రిందికి నీరు దిగిన, ఆ నీరు ఎచటికో పోవుచున్నదని అర్థము.

ఒక గ్రామమున మేము చూచినది

కొన్నేండ్ల క్రిందట వరిపొలముల నడుమ నున్న ఒక గ్రామమునకు పోయితిమి. అచట ఒకే వీధిలో వరుసగా ఏడు ఇండ్లకు చెమ్మ. ఒక వృద్ధురాలు తన గోడను చూపి, "రెండు మాట్లు సిమెంటు పూయించాను బాబూ. అప్పుడు మోకాలెత్తున ఉండేది, ఇప్పుడు దేవుడి పటం దాకా వచ్చింది. ఉన్న డబ్బంతా గోడకే పెట్టాను" అని కంట తడిపెట్టినది. ఆమె చెప్పినది ముమ్మాటికి నిజము. సిమెంటు పూత నీటిని పుట్టనీయకుండ ఆపదు. గోడనుండి ఆవిరియై పోవు దారిని మాత్రము మూయును. అందువలన నీరు పూత దాటి మరింత పైకి ఎక్కినది.

ఆ వార్డు సభ్యుడు ఒక మేస్త్రీని పిలిపించి, మేస్త్రీలు వాడు నీటిగొట్టముతో వీధి మట్టము కొలిపించెను. రెండు మార్లు వేసిన రోడ్డు వలన వీధి అడుగు ఎత్తు పెరిగినదని తేలినది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి బయటపడినది. ప్రక్క కాలువ చివరిభాగము మొదటిభాగము కంటె మూడంగుళములు ఎత్తుగా నుండెను. నీరు పల్లమునకు పోవునుగాని మిట్టకు పోదు గదా! ఏడిండ్ల స్నానపు నీరును ఆ కాలువలో నిలిచి, సంవత్సరము పొడవునను పునాదులకు చేరుచుండెను.

పంచాయతీవారు కాలువ అడుగును వాలుగా తిరిగి కట్టించి, చివరి తూమును పూడిక తీయించిరి. ఇండ్లవారు సిమెంటు పూతను చెమ్మ గీతకు ఒక అడుగు పైవరకు గీకివేసి, గోడను వేసవి అంతయు ఎండనిచ్చి, పిదప సున్నపు పూత వేయించిరి. మరుసటి వానలకు క్రొత్త ఉప్పు తేలలేదు. గోడ పూర్తిగా ఆరుటకు మాత్రము మరియొక వేసవి పట్టినది. గోడ మందము అంగుళమునకు ఇంచుమించు ఒక నెల చొప్పున ఆరునని పనివారు లెక్క కట్టుదురు. తొమ్మిదంగుళముల గోడ తొమ్మిది వారములలో ఆరలేదని నిరాశపడరాదు.

చేయవలసిన వరుస

ఖర్చు తక్కువ పనులను ముందుగా చేయుట మేలు. గోడకు ఆనియున్న మట్టిని, పెంటను, కట్టెలను తొలగింపవలెను. గోడ చుట్టును నేలను గోడనుండి వెలుపలికి వాలుగా, గజమునకు రెండంగుళముల చొప్పున దిద్దవలెను. వీలున్నచోట రెండడుగుల వెడల్పున గచ్చు పట్టీ వేయవలెను. చూరునీరు, కప్పునీరు గోడకు దూరముగా పడునట్లు చేయవలెను. కారు గొట్టములు బాగుచేయవలెను.

వాడుకనీటికి కాలువ లేనిచోట ఇంకుడుగుంత త్రవ్వవచ్చును. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గల గుంతలో అడుగున పెద్దరాళ్ళు, వానిపై నడితరపు రాళ్ళు, పైన చిన్నరాళ్ళు నింపవలెను. అది ఇంటి పునాదికి 3 మీటర్లకు, మంచినీటి బావికి 15 మీటర్లకు తక్కువ దూరములో ఉండరాదు. నల్లరేగడి నేల నీటిని త్వరగా ఇంకనీయదు. అట్టిచోట గుంతను నమ్ముకొనక కాలువయే కట్టవలెను. నీరు పైననే యున్న డెల్టా నేలలలోను గుంత పనికిరాదు.

ఇవన్నియు ముగిసి, గోడ ఆరిన తరువాతనే పూతను గూర్చి ఆలోచింపవలెను. ఉప్పు పట్టిన పాత పూతను పూర్తిగా తీసివేయవలెను. ఆ ఉప్పు గాలిలోని తేమను సైతము పీల్చును.

క్రొత్త ఇల్లు కట్టువారికి మాట సులువు. ఇంటి గచ్చు వీధి మట్టమునకు కనీసము 45 సెంటీమీటర్లు ఎత్తుండవలెను. బేస్‌మెంటు కట్టు ముగియగానే, గోడ లేపుటకు ముందు, గోడ వెడల్పంతయు నీటిని ఆపు మందుకలిపిన కాంక్రీటు వరుస ఒకటిన్నర, రెండంగుళముల మందమున వేసి, దానిపై తారు రెండు పూతలు పూయవలెను. ఈ వరుస నేలకు ఆరంగుళములైనను పైన నుండవలెను. బేస్‌మెంటులో నల్లమట్టి నింపక ఇసుక, మొరము నింపి గట్టిపరచి, గచ్చు క్రింద పాలిథీను పరచవలెను. కట్టునప్పుడు స్వల్పవ్యయముతో ముగియు ఈ పని కట్టినపిమ్మట మిక్కిలి కష్టసాధ్యము.

పంచాయతీ వంతు

చెమ్మ కేవలము గోడ అందమునకు సంబంధించినది కాదు. చెమ్మగిలిన ఇండ్లలో బూజు పెరుగునని, అందు నివసించువారికి ఉబ్బసము, శ్వాసకోశ బాధలు హెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శక సూత్రములలో పేర్కొన్నది. చెమ్మగచ్చుపై పెట్టిన వేరుశనగకు పట్టు ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అందుచేత బస్తాలను బల్లలపై, గోడకు దూరముగా నిలువ చేయవలెను. అంగన్‌వాడీ కేంద్రములలో, పాఠశాలలలో నిలువచేయు ఆహారపదార్థముల విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము.

గ్రామ వీధులు, మురుగు కాలువల నిర్వహణ గ్రామపంచాయతీ బాధ్యత. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ఇందుకు ఆధారములు. కావున రోడ్డు పని తీర్మానమునకు వచ్చినపుడు సభ్యులు మూడు ప్రశ్నలు వేయవలెను. క్రొత్త రోడ్డు మట్టము ఇరువైపుల ఇండ్ల గచ్చులకు ఎంత దిగువన ఉండును? పాత రోడ్డును త్రవ్వితీసి వేయుదురా, దానిపైననే వేయుదురా? ప్రక్క కాలువకు 100 మీటర్లకు అరమీటరు చొప్పుననైనను వాలు ఉండునా, దాని నీరు చివరకు ఎచట చేరును? ఈ మూడింటికి జవాబు కాగితముపై వచ్చిన తరువాతనే పని మొదలిడవలెను. కాలువ ముగిసిన దినమున ఎగువన నాలుగు బిందెల నీరు పోయించి, అది దిగువకు చేరినదో లేదో అందరి ఎదుట చూడవలెను.

వచ్చు వానలో సభ్యులు గొడుగు పట్టుకొని తమ వార్డులో ఒక్కమారు నడచిరావలెనని మా మనవి. నీరు ఎచట నిలుచుచున్నదో, ఎవరి గోడ మొదట చేరుచున్నదో ఆ ఒక్క నడకలో తెలియును. ఆ వృద్ధురాలు గోడకు పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఆ వీధి కాలువను ముందే కొలిచియుండిన అది ఆమె పెట్టెలోనే యుండెడిది.