నీలి చేపకు ఉప్పునీటి ఇల్లు

సముద్రం చేప అనగానే మనకు పులుసు గుర్తుకొస్తుంది. వంజరం, చందువా, కానాగంత. కాని తినడానికి కాకుండా, చూసుకోడానికే పెంచే సముద్రం చేపలు కూడా ఉన్నాయి. పట్నాల్లో కొందరి ఇళ్లల్లో, హోటళ్లలో అద్దాల తొట్టెల్లో తిరుగుతుంటాయి. ఆ తొట్టె చూసుకునే పని చాలాసార్లు ఇంటి ఆడవాళ్ల మీదో, ఆ ఇంట్లో పనిచేసే అక్క మీదో పడుతుంది. ఏదైనా తేడా వస్తే చేపలన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. డబ్బు పోతుంది, మాటా పడాల్సి వస్తుంది. అందుకని ఈ సంగతులు తెలిసి ఉండాలి.

ఈ తొట్టెల్లో ఎక్కువగా కనబడేది డామ్సెల్ చేప. వేలెడంత ఉంటుంది. ఇందులో వందల రకాలున్నాయి. ఒకటి మెరిసే నీలం. ఒకటి తెల్లటి ఒంటి మీద మూడు నల్లపట్టీలు. ఇంకొకటి నల్లగా ఉండి మూడు తెల్లచుక్కలు పెట్టుకుంటుంది. ఇవి పగడపు దిబ్బల మధ్య బతుకుతాయి. మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ దీవుల దగ్గర, తమిళనాడు పక్కన మన్నార్ సింధుశాఖలో ఉన్నాయి.

చూడడానికి ముద్దుగా ఉంటుంది గాని, మహా పౌరుషం గల చేప. తన చోటులోకి ఎవరినీ రానివ్వదు. డామ్సెల్ చేపల్లో కొన్ని సముద్రం అడుగున నాచు పెంచుకుంటాయి. తమకు పనికిరాని నాచును నోటితో పీకి అవతల పారేస్తాయి. మనం వరిచేలో కలుపు తీసినట్టే! ఆ మడి దగ్గరకు తనకన్నా పెద్ద చేప వచ్చినా తరిమి కొడతాయి. గుడ్లకు కాపలా కాసేది మగచేప. రెక్కలతో విసురుతూ గుడ్లకు మంచి నీరు తగిలేలా చూస్తుంది.

ఇక నీళ్ల సంగతి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పులుంటాయి. అది మన కూరలో వేసే ఉప్పు ఒక్కటే కాదు. మెగ్నీషియం, కాల్షియం లాంటివి కూడా ఉంటాయి. కాబట్టి వంటింటి ఉప్పు కలిపితే సరిపోదు. అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పే వాడాలి. ఉప్పు ఎంతుందో హైడ్రోమీటరుతో చూడాలి. 1.023 నుంచి 1.025 మధ్య ఉంటే మంచిది.

అందరూ తప్పు చేసేది ఎక్కడంటే, తొట్టెలో నీళ్లు తగ్గినప్పుడు. మళ్లీ ఉప్పునీరే పోస్తారు. నౌపడలో ఉప్పుమళ్లు చూశారా? నీరు ఎండకు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. పులుసు ఎక్కువ మరిగితే ఉప్పన అయ్యేదీ అందుకే. తొట్టెలోనూ అంతే. ఆవిరైంది నీరు మాత్రమే. కాబట్టి క్లోరిన్ లేని మంచినీరే పోయాలి. వారానికోసారి పదో వంతు నీరు తోడి తీసేస్తాం చూడండి, అప్పుడు మాత్రం కొత్త ఉప్పునీరు పోయాలి. ఆ బకెట్టును సబ్బుకు, బ్లీచింగుకు వాడకూడదు.

కొత్త తొట్టెలో నీళ్లు పోసిన రోజే చేపల్ని వదిలితే చచ్చిపోతాయి. ఎందుకు? చేప వదిలే మలినం వల్ల, కుళ్లిన మేత వల్ల అమ్మోనియా పుడుతుంది. పశువుల కొట్టంలో ముక్కు మండించే వాసన ఉంటుంది కదా, అదే. అది చేపకు విషం. దాన్ని విరిచేసే సూక్ష్మజీవులు ఉన్నాయి. పాలలో తోడు వేస్తే పెరుగవడానికి ఒక రాత్రి చాలు. ఈ సూక్ష్మజీవులు తొట్టెలో స్థిరపడాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

డామ్సెల్ గట్టి చేప కాబట్టి ముందు దాన్నే వేసి నీరు పరీక్షించమని కొందరు దుకాణదారులు చెబుతారు. ఇది సరైన మాట కాదు. చేపను విషంలో ముంచి, బతికితే చూద్దామనడం ఏం న్యాయం? పైగా బతికిన చేప తొట్టె అంతా నాదేనంటుంది. తరవాత వచ్చిన వాటిని పొడిచి చంపుతుంది. చేప లేకుండానే చిటికెడు మేత వేసి కుళ్లనివ్వండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పరీక్షలో సున్నా అని తేలేదాకా ఆగండి. నెమ్మదస్తు చేపల్ని ముందు వేసి, డామ్సెల్‌ను చివర వేయాలి. దాక్కోడానికి మట్టికుండ పెంకులు పెట్టినా చాలు. పగడాలు మాత్రం పెట్టకూడదు. 2001 నుంచి వాటికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంత. ఎక్కువ వేస్తే ప్రేమ కాదు, అమ్మోనియా.

చేప ఎక్కడిదని దుకాణంలో అడగండి. ఫిలిప్పీన్స్ లాంటి చోట్ల 1960ల నుంచి సైనైడు చల్లి రంగు చేపల్ని పట్టారు. దాంతో పగడాలూ చచ్చాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మండపం, విళింజంలలో డామ్సెల్ పిల్లల్ని తొట్టెల్లోనే పుట్టించి పెంచే పద్ధతి కనిపెట్టారు. అలా పెంచిన పిల్ల దొరికితే అదే కొనడం మేలు.

తొట్టెలో చెయ్యి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీసెయ్యండి. ఉప్పునీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకెళ్లేలా ఉంచాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా కింద నేల మీద పడుతుంది.