ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో మన వాడ ఎక్కడుంది?

ఏదైనా ఆర్కిటెక్చర్ పత్రికలో పెద్ద ఇంటి ప్లాన్ ఉన్న పేజీ తెరవండి. హాలు, డైనింగ్, నాలుగు పడకగదులు, ప్రతి గదికీ ఒక బాత్రూమ్. వంటగది వెనకాల ఒక ఇరుకు గది కనిపిస్తుంది. దాని మీద ‘సర్వెంట్’ అనో, ఈమధ్య కాస్త మర్యాదగా ‘స్టాఫ్’ అనో రాసి ఉంటుంది. చాలా ప్లాన్లలో ఆ గదికి దారి బయటి నుంచే. మరుగుదొడ్డి కూడా వేరే. ఇంటి ఫొటోలు పది పేజీలు వేసినా ఆ గది ఫొటో వేయరు. దారి ఎందుకు వేరో, మరుగుదొడ్డి ఎందుకు వేరో వ్యాసం చెప్పదు. చెప్పక్కర్లేకుండానే అర్థం చేసుకునే పాఠకుల కోసం రాసిన వ్యాసం అది.

నగరాల మీద పరిశోధన చేస్తున్న మేము కొన్నాళ్లుగా ఈ పుస్తకాలనూ పత్రికలనూ ఈ ప్రశ్నతోనే చదువుతున్నాం. ఇవి డబ్బున్నవాళ్ల కాఫీ టేబుల్ మీద ఉండే బొమ్మల పుస్తకాలే కదా, మనకెందుకు అనిపించవచ్చు. కానీ రేపు మాస్టర్ ప్లాన్ గీసేవాళ్లు, పేదల కాలనీ ఊరికి ఎంత దూరంలో ఉండాలో తేల్చేవాళ్లు కాలేజీల్లో చదువుకునేది వీటినే. ఊరికీ వాడకూ మధ్య దూరం ఎంతో మనకు పుట్టుకతోనే తెలుసు. నగరంలో ఆ దూరాన్ని ఎలా గీస్తారో తెలియాలంటే ఈ పుస్తకాలు తిరగేయాల్సిందే.

ఈ కథ మొదలైన చోటే ఒక విచిత్రం ఉంది. ఆధునిక ఆర్కిటెక్చర్ గురించి మన దేశంలో గట్టిగా మాట్లాడిన తొలి పత్రికల్లో ‘మార్గ్’ ఒకటి. 1946లో బొంబాయిలో మొదలైంది. ‘మోడర్న్ ఆర్కిటెక్చరల్ రీసెర్చ్ గ్రూప్’ అన్న మాటల మొదటి అక్షరాలే దాని పేరు. దాన్ని స్థాపించి నడిపిన సంపాదకుడు ముల్క్ రాజ్ ఆనంద్. 1935లో ‘అన్‌టచబుల్’ నవల రాసిన ఆనందే ఈయన. మరుగుదొడ్లు శుభ్రం చేసే బఖా అనే కుర్రవాడి ఒక్క రోజు జీవితం ఆ నవల. చివర్లో బఖా ముందుకు మూడు దారులు వస్తాయి: క్రైస్తవ మిషనరీ మాట, గాంధీ ఉపన్యాసం, ఒక కవి చెప్పే ఫ్లష్ మరుగుదొడ్డి. యంత్రం వస్తే మలం ఎత్తే పని పోతుంది, పనితోపాటు అంటరానితనమూ పోతుందని ఆ కవి ఆశ. అలాంటి నవల రాసిన మనిషి పదేళ్లు తిరిగేసరికి ఆర్కిటెక్చర్ పత్రిక పెట్టాడంటే, కట్టడాలతో మనిషి బతుకు మారుతుందని అప్పటివాళ్లు ఎంత నమ్మారో చూడండి.

ఆ నమ్మకానికి పెద్ద పరీక్ష చండీగఢ్. 1961లో ‘మార్గ్’ ఆ నగరం మీద ప్రత్యేక సంచిక కూడా తెచ్చింది. నగరం ప్లాన్ లె కార్బూజియేది. ఉద్యోగుల ఇళ్లు గీసింది మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, పియర్ జెన్నరే. ప్రభుత్వ ఇళ్లను మొదట పదమూడు రకాలుగా విభజించారు. మొదటి రకం ముఖ్యమంత్రికి, చివరి రకం ప్యూన్లకు. జీతాన్ని బట్టి ఇల్లు, ఇంటిని బట్టి సెక్టారు. ఉత్తరాన విశాలమైన బంగళాలు, దక్షిణానికి పోయేకొద్దీ ఇరుకు. కులం అన్న మాట ఎక్కడా రాయకుండానే మనిషి అంతస్తును నేల మీద గీసిన ప్లాన్ ఇది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అట్టడుగు రకం ఇంటికి కూడా నీళ్లూ ఫ్లష్ మరుగుదొడ్డీ ఇచ్చారు. 1950లలో అది చిన్న విషయం కాదు. ఆ కాలపు ఆర్కిటెక్టులను విమర్శించేవాళ్లు ఈ మాటను తరచూ వదిలేస్తారు. మేము వదిలేయం.

ప్లాన్‌లో చోటు దొరకనిది మాత్రం ఆ నగరాన్ని కట్టిన కూలీలకు. వాళ్లు గుడిసెల్లోనే ఉన్నారు. నగరం తయారయ్యాక ఆ గుడిసెలనే అక్రమం అన్నారు. దీన్ని లెక్కలతో, పటాలతో చూపించిన పుస్తకం మధు సరీన్ 1982లో రాసినది. మూడో ప్రపంచంలో నగర ప్రణాళిక గురించి చండీగఢ్ అనుభవం ఏం చెబుతుందన్నది దాని విషయం. కార్బూజియే మీద వచ్చే అందమైన పుస్తకాల పక్కన దీన్ని కూడా పెట్టి చదివితేనే చండీగఢ్ పూర్తిగా అర్థమవుతుంది.

మరి ఫ్లష్ వచ్చాక బఖా ఏమయ్యాడు? గొట్టంలోకి దిగాడు. నిర్మాణ చిత్రాల్లో మరుగుదొడ్డి గొట్టం గోడ దాటాక ఒక గీతగా మారి, పేజీ అంచు దగ్గర ఆగిపోతుంది. ఆ గీత ఎక్కడికి పోతుందో, మూసుకుపోతే ఎవరు దిగుతారో చెప్పడం ఆర్కిటెక్చర్ పని కాదనుకుంటారు. పాత పట్టణాల్లో ఈ సంగతి కనీసం కంటికి కనిపించేది. ఇళ్ల వరసల వెనక కన్సర్వెన్సీ లేన్ అని ఒక సందు వదిలేవారు. మరుగుదొడ్డి ఎత్తే మనిషి ఇంటి ముందుకు రాకుండా వెనక నుంచే వచ్చి వెనక నుంచే పోవాలి. అంటే అంటరానితనానికి వెడల్పు కొలిచి మరీ మునిసిపాలిటీ రోడ్డు వేసింది. ఇప్పుడు ఆ సందు భూమి కిందకు పోయింది, అంతే. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మ్యాన్‌హోళ్లలో చావులు మాత్రం ఆగలేదు. గీతా రామస్వామి 2005లో నవయాన ద్వారా తెచ్చిన ‘ఇండియా స్టింకింగ్’ ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని చేసేవాళ్ల గురించి రాసిన చిన్న పుస్తకం. లైబ్రరీలో దాన్ని సామాజిక శాస్త్రం అరలో పెడతారు. మా దృష్టిలో అది ఆర్కిటెక్చర్ అరలో ఉండాల్సిన పుస్తకం.

ఈ పదిహేనేళ్లలో వచ్చిన పుస్తకాలకు వస్తే పరిస్థితి కొంత మారింది. నిఖిల్ రావు 2013లో రాసిన ‘హౌస్, బట్ నో గార్డెన్’ బొంబాయిలో దాదర్, మాటుంగా ప్రాంతాల అపార్ట్‌మెంట్ల చరిత్ర. మరుగుదొడ్డి ఫ్లాటు లోపలికి రావడం అగ్రకుల కుటుంబాలకు మామూలు సంగతి కాదని, శుద్ధి, మైల అన్న లెక్కలన్నీ మళ్లీ సర్దుకోవాల్సి వచ్చిందని ఇలాంటి పుస్తకం చదివితే తెలుస్తుంది. హౌసింగ్ సొసైటీల పుట్టుక కూడా చూడండి. మన దేశంలో తొలి సహకార గృహ సంఘంగా చెప్పేది 1915లో బొంబాయి గామ్‌దేవిలో పెట్టిన సారస్వత్ సొసైటీ. పేరులోనే కులం ఉంది. 2005లో అహ్మదాబాద్ పార్సీల సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని తమ మతంవాళ్లకే పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ‘మా అపార్ట్‌మెంట్‌లో మావాళ్లకే’ అనే మాటకు అలా చట్టం అండ కూడా దొరికింది. గేటెడ్ కమ్యూనిటీల మీద రాసే పత్రికలు ఈత కొలను కొలతలు ఇస్తాయి గానీ ఈ తీర్పు ఊసు ఎత్తవు.

జునేద్ షేక్ 2021లో తెచ్చిన ‘ఔట్‌కాస్ట్ బాంబే’ ఇంకా సూటిగా మాట్లాడుతుంది. నగరానికి వస్తే కులం కరిగిపోతుందన్న మాటను అది నమ్మదు. అద్దె ఇంట్లో, మిల్లు పనిలో, మురికివాడలో కులం కొత్త రూపం ఎలా తీసుకుందో చెబుతుంది. ఒక్క పుస్తకమే చదవగలమంటే మేము దీన్నే సూచిస్తాం. దీనికి పదేళ్ల ముందు, 2011లో, రాహుల్ మెహ్రోత్రా 1990 తర్వాతి భారతీయ ఆర్కిటెక్చర్ మీద పెద్ద పుస్తకం తెచ్చారు. విద్యార్థులందరూ తిరగేసేది అదే. కట్టడాలను నాలుగు పాయలుగా విడదీసిన తీరు ఉపయోగకరమే: తొందరపడే పెట్టుబడి కట్టేవి, ప్రాంతీయమైనవి, ప్రత్యామ్నాయమైనవి, ప్రాచీనతను తిరిగి తెచ్చేవి. కానీ మన జనం తమకోసం కట్టుకున్నది ఈ నాలుగింటిలో ఎక్కడ పడుతుంది?

ఎందుకంటే అలాంటివి ఉన్నాయి. లక్నోలో మాయావతి కట్టించిన అంబేడ్కర్ స్మారకం ఉంది. 2011లో తెరిచిన నోయిడా దళిత ప్రేరణా స్థల్ ఉంది. పత్రికలు వీటిని ఖర్చు, ఏనుగుల విగ్రహాలు అన్న రెండు మాటలతోనే తేల్చేశాయి. ప్రజల డబ్బు గురించి అడగడం న్యాయమే. మిగతా స్మారకాలన్నిటినీ అదే అడిగితే ఇంకా న్యాయంగా ఉండేది. కజ్రీ జైన్ 2021లో రాసిన ‘గాడ్స్ ఇన్ ద టైమ్ ఆఫ్ డెమోక్రసీ’ ఈ స్మారకాలను వెక్కిరించకుండా చదువుతుంది. భారీ విగ్రహాల పరంపరలో వాటి చోటేమిటో, ఎవరు ఎవరికి ఎక్కడ కనిపించాలన్న పోరాటంలో వాటి పాత్రేమిటో చూస్తుంది.

మన దగ్గర కూడా 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు లేచాయి. రెండూ నగరం నడిబొడ్డునే. అది చిన్న విజయం కాదు. అదే 2023 జూన్‌లో నగరం నుంచి దాదాపు 30 కిలోమీటర్ల దూరాన, సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను ప్రారంభించారు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. ఇల్లు చెడ్డది కాదు, గదులున్నాయి, నీళ్లున్నాయి. కానీ నగరంలో ఇళ్లు ఊడ్చే, రోడ్లు ఊడ్చే మనిషికి పని మొదలయ్యేది తెల్లవారుజామునే. మొదటి బస్సు ఎన్నింటికి, రానూపోనూ ఛార్జీ రోజు కూలిలో ఎంత, బడి ఎంత దూరం అన్నవి కూడా డిజైన్ ప్రశ్నలే. ఇటుకా సిమెంటూ రంగులూ వర్ణించే పత్రికలు ఇంత పెద్ద కాలనీ గురించి ఈ ప్రశ్నలతో ఒక మంచి సంచిక వేయవచ్చు. అందుకు కావాల్సిన పటాలు గీయగలవాళ్లు మన పిల్లల్లోనే ఉన్నారు.

హైదరాబాద్, విజయవాడ ఆర్కిటెక్చర్ కాలేజీల్లో రిజర్వేషన్ మీద సీటు తెచ్చుకుని చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక సంగతి. విదేశీ ప్రచురణలు కొనాలంటే వేలల్లో ఉంటాయి, కొనక్కర్లేదు. కొత్త పుస్తకాల కోసం విద్యార్థులు సిఫారసు రాసిచ్చే పద్ధతి చాలా కాలేజీ లైబ్రరీల్లో ఉంటుంది. నలుగురు కలిసి రాయండి. ‘ఔట్‌కాస్ట్ బాంబే’, ‘ఇండియా స్టింకింగ్’, మధు సరీన్ పుస్తకం ముందు అడగండి. స్టూడియోలో ఇచ్చే ఇంటి ప్రాజెక్టులో సర్వెంట్ గది గీయమన్నప్పుడు దాని దారి ఎటు, కిటికీ ఎంత అని గట్టిగానే అడగండి. మార్కులు తగ్గవచ్చేమో గానీ ఆ చర్చ తరగతిలో జరుగుతుంది.