మేళనాయకుడైన లయకారుడు

మన సంగీత సభలలో ప్రథమస్థానము గాయకునిది, లేదా వైణికునిది. మృదంగము వాయించువానిని పక్కవాద్యకారుడందుము. లయ లేనిదే పాట నిలువదు; అయినను లయకారుడు మేళమునకు నాయకుడగుట అరుదు. అట్లు నాయకుడైనచో ఏమగును? ఈ ప్రశ్నకు పాశ్చాత్యుల రాక్ సంగీతమున ఒక చక్కని దృష్టాంతము కలదు.

ముందుగా మన పరిసరములను చూతము. బరంపురమున రెండేండ్లకొకమారు జరుగు ఠాకురాణీ యాత్రలో పులివేషగాండ్రు డోలు, మహురీల ధ్వనికి అడుగు వేయుదురు. పాత్రపూరునకు దక్షిణముగా సరిహద్దు దాటినచో శ్రీకాకుళ మండలమున తప్పెటగుళ్ళు కలవు. అందు ప్రతివాడును ఱొమ్మున తప్పెట కట్టుకొని తానే వాయించుచు, పాడుచు, ఆడును. అచట వాద్యము పాటకు తోడు మాత్రమే కాదు, ఆటకు ప్రాణము.

రాక్ మేళమున డ్రమ్ములవాడు నాలుగు అవయవములతో నాలుగు పనులు చేయును. కుడికాలు పెద్ద డ్రమ్మును మోగించును. ఎడమకాలు జంటతాళములను కలిపి విడదీయును. ఎడమచేయి స్నేర్ అను చిన్న డ్రమ్మును, కుడిచేయి కంచుపళ్ళెములను కొట్టును. మనము ఆదితాళమున మొదటి దెబ్బను గట్టిగా వేయుదుము. వారు నాలుగు మాత్రలలో 2వ, 4వ మాత్రలపై స్నేరును బలముగా కొట్టుదురు. ఆ ఊపే రాక్ సంగీతమునకు గుర్తు. విద్యుత్ గిటారుల ధ్వని పెరిగినకొలది డ్రమ్ముల దెబ్బయు బరువెక్కి, హార్డ్ రాక్ అను శాఖ బలపడినది.

కార్మైన్ అపీస్ 1946లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో జన్మించెను. 1967లో వెనిల్లా ఫడ్జ్ అను మేళముతో కీర్తి గాంచెను. వడిగా సాగు జనప్రియ గీతములను విలంబకాలమున నడపుట ఆ మేళపు ప్రత్యేకత. పిమ్మట కాక్టస్ మేళమున వాయించెను. 1972లో రాక్ డ్రమ్ములకు పాఠ్యగ్రంథము రచించెను. రాడ్ స్టువర్ట్ అను గాయకుని చెంత పనిచేసెను. ఇంత అనుభవము గడించిన పిదప 1983లో, అంతగా పేరులేని యువకులను చేరదీసి, కింగ్ కోబ్రా అను కొత్త హార్డ్ రాక్ మేళమును తానే నెలకొల్పెను. వారి మొదటి సంపుటము 1985లోను, రెండవది 1986లోను వెలువడెను. తరువాత ఆ మేళము చెదరినను, 2010 ప్రాంతమున మరల కూడుకొనెను.

ఇందు గ్రహింపదగిన విషయమేమి? ప్రసిద్ధ గాయకుని వెనుక కూర్చున్న లయకారుడు ఆ గాయకుని కాలగతిని కాపాడును. తానే మేళము కట్టినవాడు ఎవరు వాయింపవలెను, ఏ గతిలో వాయింపవలెను అనునదియు నిర్ణయించును. భారము హెచ్చు, నష్టము వచ్చినను తనదే. కాని చేతనున్న విద్య చిన్నవారి చేతులకు చేరును. వాద్యము గోడకు వ్రేలాడినంత మాత్రమున నిలువదు. పక్కన కూర్చుండి తప్పుదెబ్బను సరిదిద్దు పెద్ద కావలెను.

గంజాము సీమలో డోలు, డప్పు, తప్పెట ఎఱిగిన పెద్దలకు ఈ దృష్టాంతము దూరమైనది కాదు. అనుభవమున్న ఒక్క లయకారుడు నలుగురు బాలురను కూర్చుకొన్నను అది మేళమే. ఆ బాలురు తెలుగున తాళము లెక్కించుకొందురేని, వాద్యముతోబాటు భాషయు నిలుచును.